పాజిటివ్ సరే, దేనికి పాజిటివ్?

యాంటీబాడీ టెస్టులో పాజిటివ్ వచ్చిన ప్రతి సీరానికీ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవానికి) నేను వర్క్‌షీట్‌లో పెన్సిల్‌తో ఒక గడి అదనంగా గీస్తాను. ఈ యాంటీబాడీ ఇంకా దేని మీద పుట్టి ఉండొచ్చు అన్నది అందులో రాయాలి. డెంగీ ఐజీఎం (ఇన్ఫెక్షన్ తొలిదశలో పుట్టే యాంటీబాడీ రకం) అయితే జికా, వెస్ట్ నైల్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, ఎల్లో ఫీవర్ టీకా. బ్రూసెల్లా అయితే యెర్సీనియా. లైమ్ జబ్బు ఐజీఎం అయితే ఈబీవీ, అంటే ఎప్‌స్టీన్-బార్ వైరస్. ఆ గడి ఖాళీగా ఉంటే రిపోర్టు మీద సంతకం పెట్టను. మా జూనియర్లకు ఇది చాదస్తంగా ఉంటుంది. "కటాఫ్ దాటింది కదా మేడమ్, ఇంకేం చూస్తారు?" అంటారు. కటాఫ్ (పాజిటివ్ అనడానికి పెట్టుకున్న హద్దు) దాటిందంటే ప్లేటులోని ఆ చిన్న గుంతలో, అంటే వెల్‌లో, ఏదో అంటుకుందని మాత్రమే తెలిసింది. ఆ అంటుకున్న యాంటీబాడీ మొదట ఏ క్రిమి మీద పుట్టిందో ప్లేటు చెప్పదు. ఒక క్రిమి మీద పుట్టిన యాంటీబాడీ మరో క్రిమి టెస్టులో పాజిటివ్ చూపించడాన్నే క్రాస్ రియాక్షన్ అంటాం.

ప్లేట్లు చదివే టెక్నాలజిస్టులు, ఆ రిపోర్టు చూసి మందు రాసే డాక్టర్లు, సీరో సర్వేలు (జనంలో ఎంతమందికి యాంటీబాడీలు ఉన్నాయో లెక్కించేవి) చేసే విద్యార్థులు, వీళ్లందరినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అనుమానం ఉన్న పాజిటివ్‌ను ఏ వరసలో విడదీయాలో, ఎక్కడ ఆగాలో చెబుతాను. కొన్ని సీరాలు ఎంత తరచి చూసినా అసలు క్రిమి పేరు బయటపెట్టవు. అలాంటప్పుడు ఆగడం కూడా తెలిసి ఉండాలి.

ఎందుకు జరుగుతుంది

యాంటీబాడీకి వైరస్ మొత్తం కనిపించదు. దాని మీద ఉన్న చిన్న చోటు, ఎపిటోప్, అంతవరకే దానికి తెలుసు. ఆ చోటు రెండు క్రిముల్లో ఒకేలా ఉంటే రెండింటినీ పట్టుకుంటుంది. డెంగీ, జికా, వెస్ట్ నైల్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, ఎల్లో ఫీవర్ ఒకే ఫ్లావివైరస్ కుటుంబానివి. వీటి ఎన్వలప్ ప్రొటీన్‌లో ఫ్యూజన్ లూప్ అనే భాగం ఉంటుంది. కణంలోకి చొరబడాలంటే వైరస్‌కు అది తప్పనిసరి. అందుకే కుటుంబం మొత్తంలో అది దాదాపు మారకుండా ఉండిపోయింది. మన శరీరం తయారుచేసే యాంటీబాడీల్లో చాలా వాటి గురి ఆ చోటి మీదే ఉంటుంది. అవి మనిషి పేరు వదిలేసి ఇంటిపేరు మాత్రం చదువుతున్నాయన్నమాట. అదే ప్రొటీన్‌లో మూడో డొమైన్ మాత్రం ఒక్కో వైరస్‌లో ఒక్కో తీరుగా ఉంటుంది. దాన్ని వాడిన టెస్టుల్లో గందరగోళం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

చుట్టరికం లేకపోయినా పోలిక ఉండొచ్చు. బ్రూసెల్లా, యెర్సీనియా ఎంటెరోకొలిటికా ఓ:9 వేర్వేరు కుటుంబాల బ్యాక్టీరియాలు. కానీ రెండింటి పైపొర మీద వేలాడే చక్కెర గొలుసు పెరోసమీన్ అనే ఒకే చక్కెరతో కట్టింది. పశువుల్లో బ్రూసెల్లోసిస్‌ను దాదాపు నిర్మూలించుకున్న దేశాలకు కూడా ఇది పెద్ద తలనొప్పి. మంద మొత్తం ఆరోగ్యంగానే ఉంటుంది, టెస్టు మాత్రం పాజిటివ్ చూపిస్తుంది. ఇలాంటి జంట దగ్గర ఎన్నిసార్లు టైటర్ (సీరాన్ని ఎంత పలుచన చేసేదాకా పాజిటివ్ నిలుస్తుందన్న కొలత) చూసినా లాభం లేదు. చక్కెర గొలుసు లేని, ప్రొటీన్ మాత్రమే ఉన్న యాంటిజెన్‌కు (టెస్టులో యాంటీబాడీకి ఎదురుగా పెట్టే క్రిమి పదార్థానికి) మారాలి. బ్రూసెలిన్ చర్మ పరీక్ష పనిచేసేది ఆ లెక్కనే.

ఇక్కడే ఒక తేడా పట్టుకోవాలి. క్రాస్ రియాక్షన్‌లో యాంటీబాడీ నిజంగానే ఉంటుంది, వేరే క్రిమి మీద పుట్టి ఉంటుంది. ఇంకో రకం తప్పుడు పాజిటివ్‌లో అలాంటి యాంటీబాడీయే ఉండదు, సీరంలో మరేదో అడ్డొస్తుంది. కీళ్లవాతం లాంటి జబ్బుల్లో కనిపించే రుమటాయిడ్ ఫ్యాక్టర్ దీనికి మంచి ఉదాహరణ. అదీ ఐజీఎమే. ఐజీఎంను పట్టే ప్లేటుకు అది అతుక్కుని, పాత ఇన్ఫెక్షన్ తాలూకు ఐజీజీని (ఆలస్యంగా పుట్టి చాలాకాలం నిలిచే యాంటీబాడీ రకాన్ని) తన మీద కూర్చోబెట్టుకుంటుంది. మనం మాత్రం కొత్త ఇన్ఫెక్షన్ అనుకుంటాం. ఈబీవీ సోకినప్పుడు యాంటీబాడీలు తయారుచేసే బీ సెల్స్ గంపగుత్తగా రెచ్చిపోయి, సంబంధం లేని టెస్టుల్లో కూడా ఐజీఎం పాజిటివ్‌లు వస్తాయి. ఇది మూడో దారి. దేని చికిత్స దానిదే. రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఉన్న సీరం మీద న్యూట్రలైజేషన్ టెస్టు (సీరం బతికున్న వైరస్‌ను ఆపుతుందా అని చూసేది) పెట్టి వారం వృథా చేసేవాళ్లను చూశాను. ఐజీజీని పీల్చేసే అబ్సార్బెంట్‌తో అదే పని గంటలో తేలిపోయేది.

శాంపిల్‌తో పాటు రావలసినవి

నా దృష్టిలో సీరాలజీలో, అంటే సీరంలో యాంటీబాడీలు వెతికే పనిలో, అతి ముఖ్యమైన రసాయనం రిక్వెస్ట్ ఫారం. జ్వరం ఏ తేదీన మొదలైంది, రక్తం ఏ తేదీన తీశారు, ఇదివరకు ఏ టీకాలు వేయించుకున్నారు, ఎక్కడెక్కడ తిరిగారు, గత కొన్ని నెలల్లో రక్తం గానీ ఇమ్యూనోగ్లోబ్యులిన్ గానీ ఎక్కించారా, కీళ్ల జబ్బు లేదా లూపస్ (శరీరం తన మీదే యాంటీబాడీలు తయారుచేసుకునే జబ్బు) లాంటిది ఉందా, గర్భవతా? ఇవి లేకపోతే ఫోన్ చేసి అడుగుతాను. ఇమ్యూనోగ్లోబ్యులిన్ సంగతి చాలామంది మరిచిపోతారు. వేలాది దాతల యాంటీబాడీలు ఒకే సీసాలో ఉంటాయి. అవి ఎక్కించాక ఆ మనిషి ఐజీజీ టెస్టు చేస్తే దాతల చరిత్ర బయటపడుతుంది, రోగిది కాదు.

జబ్బు లక్షణాలు టెస్టుతో పొసగకపోతే లక్షణాల వైపే మొగ్గు చూపండి. 2007లో మైక్రోనేషియాలోని యాప్ దీవిలో దద్దుర్లు, కీళ్ల నొప్పులు, ఎర్రబడిన కళ్లతో జనం వచ్చారు. కొందరికి డెంగీ ఐజీఎం పాజిటివ్ కూడా వచ్చింది. కానీ అక్కడి డాక్టర్లకు అది తాము ఎరిగిన డెంగీలా అనిపించలేదు. శాంపిళ్లు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి పంపారు. అక్కడ వైరస్ జన్యుపదార్థం, ఆర్‌ఎన్‌ఏ, వెతికితే జికా దొరికింది. ఆ డాక్టర్లు కిట్ మాటే విని ఊరుకుని ఉంటే అది ఇంకో డెంగీ సీజన్‌గా లెక్కల్లోకి వెళ్లిపోయేది.

1999లో న్యూయార్క్‌లో ఇంకా చిత్రంగా జరిగింది. మెదడువాపు కేసుల్లో ఎలైజా (రంగు మార్పుతో యాంటీబాడీని పట్టే ప్లేటు టెస్టు) సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అని చూపించింది, సెప్టెంబరు మొదట్లో అదే ప్రకటించారు. అదే సమయంలో నగరంలో కాకులు రాలిపోతున్నాయి. బ్రాంక్స్ జూలో పక్షులు కూడా చచ్చిపోతుంటే అక్కడి పశు పాథాలజిస్టు ట్రేసీ మెక్‌నమారా ఇది పొసగదని పట్టుబట్టారు. సెయింట్ లూయిస్ వైరస్ (ఇదీ ఫ్లావివైరసే) పక్షుల్లో తిరుగుతుంది కానీ ఇలా చంపదు. ఆ నెల చివరికి అది వెస్ట్ నైల్ అని తేలింది. ఆ ఖండంలో అది అంతకు ముందు ఎప్పుడూ కనిపించలేదు కాబట్టి మొదట పరీక్షించిన వైరస్‌ల జాబితాలో దాన్ని పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఎలైజా తన పని తాను సరిగ్గానే చేసింది. ఎదురుగా పెట్టిన వాటిలో దగ్గరి చుట్టాన్ని చూపించింది.

కిట్‌తో వచ్చే కాగితం ఎలా చదవాలి

పెట్టె తెరవగానే అందరూ ఇంక్యుబేషన్ టైమ్ చూసి మడిచి పక్కన పడేసే కాగితం అది. నేను వెనక నుంచి చదువుతాను. చివర్లో ఎక్కడో క్రాస్ రియాక్టివిటీ అని ఒక పట్టిక ఉంటుంది. అందులో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు, ఒక్కో క్రిమికి ఎన్ని సీరాలు పరీక్షించారో చూడండి. "జికా: 5లో 0 పాజిటివ్" అని ఉంటే చాలా బాగున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ కిట్ జికా సీరాల్లో 30 శాతాన్ని తప్పుగా పట్టుకునేదే అయినా, ఐదింటిలో ఒక్కటీ పాజిటివ్ రాకుండా పోయే అవకాశం దాదాపు 17 శాతం. అంటే ఆరుసార్లలో ఒకసారి ఇంత అందమైన పట్టిక ఊరికే వచ్చేస్తుంది. ముప్పై సీరాల్లో సున్నా అంటే కొంత నమ్మొచ్చు, అప్పుడు కూడా అసలు రేటు 10 శాతం దాకా ఉండే వీలుంది.

తర్వాత, ఆ సీరాలు ఏ దశలో తీసినవి? ఐజీఎం కిట్‌ను ఎప్పుడో తగ్గిపోయిన వాళ్ల సీరాలతో పరీక్షించి క్రాస్ రియాక్షన్ లేదంటే అది పరీక్ష కిందికి రాదు. పొరుగు వైరస్‌కు ఐజీఎం గట్టిగా ఉన్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. నెగటివ్‌లుగా ఎవరిని తీసుకున్నారన్నది కూడా చూడాలి. ఆ వైరస్ కుటుంబమే తిరగని చోట ఆరోగ్యంగా ఉన్న రక్తదాతల మీద 99 శాతం స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో నెగటివ్ వచ్చే శాతం) చూపించిన కిట్‌కు, నాలుగు ఫ్లావివైరస్‌లు కలిసి తిరిగే చోట ఆ అంకె ఉండదు.

చివరగా యాంటిజెన్ ఏమిటి? క్రిమి మొత్తాన్ని చితక్కొట్టి పూసిన ప్లేటుకు అన్ని రకాల యాంటీబాడీలూ అంటుకుంటాయి, కాబట్టి ఏదీ తప్పిపోదు, ప్రతి చుట్టమూ లోపలికొస్తుంది. ఒక్క ప్రొటీన్ ముక్కతో చేసింది ఆ విషయంలో మేలు, కానీ కొన్ని నిజమైన కేసులను వదిలేయొచ్చు. లైమ్ జబ్బుకు రెండంచెల టెస్టు పెట్టింది ఇందుకే. మొదటి ఎలైజా వల విశాలంగా వేస్తుంది, తర్వాత క్రిమి ప్రొటీన్లను సైజు వారీగా విడదీసి పరిచిన బ్లాట్‌లో ఏ పట్టీలు వచ్చాయో చూస్తారు. 41 కిలోడాల్టన్ల పట్టీ ఒక్కటే వస్తే లెక్కలోకి రాదు. అది బ్యాక్టీరియా తోక ప్రొటీన్, తోక ఉన్న ఇతర బ్యాక్టీరియాలకూ అలాంటిదే ఉంటుంది. ఐజీజీ పాజిటివ్ అనాలంటే పదిలో కనీసం ఐదు పట్టీలు కావాలి.

కాగితంలో పట్టికే లేకపోతే ఆ కిట్ కొనొద్దని మా కొనుగోలు విభాగంతో గొడవపడతాను. ప్రతిసారీ నెగ్గను.

మీ సొంత ప్యానెల్

కంపెనీ పట్టిక మీ దగ్గరి జనానికి వర్తిస్తుందో లేదో తెలుసుకునే దారి ఒకటే, మీ ఫ్రీజర్‌లో మీ సీరాలు ఉండటం. పీసీఆర్‌తోనో (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే టెస్టు) కల్చర్‌తోనో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడటం) ఖాయమైన రోగుల మిగులు సీరాన్ని ఎథిక్స్ కమిటీ అనుమతితో, పేర్లు తీసేసి, చిన్న చిన్న గొట్టాల్లో దాచండి. పెద్ద గొట్టంలో దాస్తే ప్రతిసారీ కరిగించి మళ్లీ గడ్డకట్టించాలి, యాంటీబాడీలు దెబ్బతింటాయి. అందులో మీరు వెతికే క్రిమి, దాని చుట్టాలు, ఈబీవీ, సీఎంవీ (సైటోమెగాలోవైరస్), మలేరియా, రుమటాయిడ్ ఫ్యాక్టర్, ఏఎన్‌ఏ (సొంత కణకేంద్రకం మీద పుట్టే యాంటీబాడీ) పాజిటివ్‌లు, గర్భిణుల సీరాలు ఉండాలి. కిట్ల కొత్త లాట్ (తయారీ విడత) వచ్చినప్పుడల్లా కొన్నింటిని కోడ్ నంబర్లతో, ఏది ఏదో చదివేవాళ్లకు తెలియకుండా పెట్టండి.

కొత్త క్రిమి విషయంలో అది పుట్టకముందు దాచిన సీరాలకు మించిన నెగటివ్ లేదు. కోవిడ్ యాంటీబాడీ కిట్లు కుప్పలుగా వచ్చినప్పుడు 2019కి ముందు ఫ్రీజర్లో ఉన్న పాత సీరాలే వాటి నిగ్గు తేల్చాయి. వాటిలో పాజిటివ్ వస్తే అది తప్పుడు పాజిటివ్ అని వాదన లేకుండా తెలుస్తుంది. మామూలు జలుబు తెచ్చే నాలుగు కరోనా వైరస్‌లకు మనలో చాలామందికి యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి ఆ పరీక్ష తప్పనిసరి అయింది.

విడదీసే వరస

ఇప్పుడు అసలు పని. అనుమానపు పాజిటివ్ చేతికొచ్చింది అనుకుందాం.

నేను మొదట చూసేది కంట్రోల్ యాంటిజెన్ వెల్. వైరస్ పెంచిన కణాల్లాంటివే, వైరస్ లేకుండా చితక్కొట్టి పెట్టినది. రోగి సీరం వైరస్ వెల్‌లో ఇచ్చిన ఓడీ (రంగు గాఢత అంకె), కంట్రోల్ వెల్‌లో ఇచ్చిన దానికి కనీసం రెండింతలైనా లేకపోతే, అది పాజిటివూ కాదు నెగటివూ కాదు, చదవడానికి వీల్లేని ఫలితం. చాలా రెడీమేడ్ కిట్లలో ఈ వెల్ ఉండదు. ఆ లోటు మనసులో పెట్టుకోవాలి. ఐజీఎం అయితే ఐజీజీని పీల్చేసి మళ్లీ చేయండి. అక్కడే పడిపోతే కథ అయిపోయింది.

నిలబడితే, రోగి ఇంకా జబ్బు తొలిరోజుల్లో ఉన్నారా చూడండి. ఉంటే యాంటీబాడీతో కుస్తీ ఆపేసి క్రిమినే వెతకండి. డెంగీ ఆర్‌ఎన్‌ఏ, ఎన్‌ఎస్1 యాంటిజెన్ (డెంగీ వైరస్ ప్రొటీన్) మొదటి వారంలో దొరుకుతాయి. జికా ఆర్‌ఎన్‌ఏ రక్తంలో పోయాక కూడా మూత్రంలో కొంతకాలం ఉంటుంది. పీసీఆర్ పాజిటివ్ వస్తే సీరాలజీ చర్చ అక్కడితో ముగుస్తుంది. నెగటివ్ వస్తే మాత్రం ముగియదు, క్రిమి దొరికే గడువు దాటిపోయి ఉండొచ్చు.

క్రిమినే వెతికే యాంటిజెన్ టెస్టులకు ఈ క్రాస్ రియాక్షన్ జబ్బు లేదనుకోవద్దు. ఆస్పర్‌జిల్లస్ బూజు కోసం చేసే గలాక్టోమానన్ టెస్టు హిస్టోప్లాస్మా అనే మరో బూజు ఉన్నవాళ్లలో కూడా పాజిటివ్ చూపిస్తుంది. బోదకాలు యాంటిజెన్ కార్డు టెస్టు మధ్య ఆఫ్రికాలో లోవా లోవా పురుగులు రక్తంలో విపరీతంగా ఉన్నవాళ్లలో పాజిటివ్ వస్తుంది. సరిగ్గా వాళ్లకే బోదకాలుకు వాడే ఐవర్‌మెక్టిన్ ఇస్తే మెదడు మీద ప్రమాదకరమైన ప్రభావం పడుతుంది. మందు ఇవ్వకూడని వాళ్లనే టెస్టు వేలెత్తి చూపిస్తుందన్నమాట.

వారం దాటిపోయి యాంటీబాడీలే మిగిలితే, అదే సీరాన్ని అదే రోజు, అదే ప్లేటు మీద చుట్టాలన్నింటితోనూ పక్కపక్కన పెట్టి టైటర్ చూడండి. ఇవాళ డెంగీ, వచ్చే వారం జికా అని చేస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. రెండింతల చొప్పున పలుచన చేసుకుంటూ వెళ్తాం కాబట్టి ఒక్క మెట్టు తేడా కొలిచే చేతి తేడాతోనే వచ్చేస్తుంది. అందుకే నాలుగు రెట్లు తేడా అడుగుతాం. డెంగీకి 1:640, జికాకు 1:160 వస్తే డెంగీ అనొచ్చు. 1:320, 1:160 అయితే అనలేం, ఎంత అనాలనిపించినా సరే. మామూలు ఎలైజా కంటే న్యూట్రలైజేషన్ టెస్టులో ఈ తేడా స్పష్టంగా వస్తుంది. అంటుకునే యాంటీబాడీలన్నీ వైరస్‌ను ఆపలేవు, ఆపగలిగినవి ఎక్కువగా దాని ప్రత్యేకమైన చోట్ల మీద ఉంటాయి. అయితే దానికి బతికున్న వైరస్, తగిన భద్రత ఉన్న ల్యాబ్, ప్లాక్‌లు (వైరస్ కణాలను చంపిన చోట ఏర్పడే ఖాళీ మచ్చలు) లెక్కపెట్టడానికి రోజుల తరబడి ఓపిక కావాలి.

రెండో సీరం రెండు మూడు వారాల తర్వాత తెప్పించుకోండి. ఒక్క సీరంలో కనిపించిన యాంటీబాడీ ఎప్పటిదో తెలియదు. వెస్ట్ నైల్ ఐజీఎం కొందరిలో ఏడాది దాటినా ఉంటుంది. జంట సీరాల్లో టైటర్ నాలుగు రెట్లు పెరిగితే ఇప్పుడు ఏదో జరుగుతోందని ఖాయం. ఒక్కసారి చేసిన వైడాల్ (టైఫాయిడ్ యాంటీబాడీ టెస్టు) మీద నాకున్న అపనమ్మకానికి కారణం కూడా ఇదే. టైఫాయిడ్ బ్యాక్టీరియా పైపొర మీది 'ఓ' యాంటిజెన్లలో 12వ నంబరుది పారాటైఫాయిడ్ ఏ, బీలలోనూ ఉంటుంది. పాత ఇన్ఫెక్షన్, పాత టీకా కూడా టైటర్ చూపిస్తాయి. వైడాల్ 1896 నాటిది. అప్పటికి అది గొప్పదే. ఇప్పుడు కల్చర్‌కు రక్తం తీయకుండా, ఒక్క 1:160 చూసి యాంటీబయాటిక్ రాయడానికి నాకు కారణం కనిపించదు.

జంట సీరాలు కూడా మోసం చేసే చోటొకటి ఉంది. ఇదివరకే డెంగీ వచ్చిన మనిషికి ఇప్పుడు జికా సోకితే, శరీరం పాత డెంగీ జ్ఞాపక కణాలనే ముందు లేపుతుంది. డెంగీ టైటర్ జికా కంటే ఎక్కువగా, వేగంగా పెరుగుతుంది. 1960లో అమెరికా వైరాలజిస్టు థామస్ ఫ్రాన్సిస్ ఇన్‌ఫ్లుయెంజాలో ఈ తీరును గమనించి 'ఒరిజినల్ యాంటిజెనిక్ సిన్' అని పేరు పెట్టాడు. ఇలాంటి మనిషిలో నాలుగు రెట్ల సూత్రం పట్టుకుని డెంగీ అని రాసేస్తే సూత్రం ప్రకారం సరే, రోగి విషయంలో తప్పు. అందుకే ఆ సూత్రాన్ని మొదటిసారి ఫ్లావివైరస్ సోకిన వాళ్లకే వాడాలి. మొదటి సీరంలోనే ఐజీజీ ఎత్తులో ఉంటే నేను దాన్ని రెండో ఇన్ఫెక్షన్‌గా భావించి, పేరు పెట్టే ప్రయత్నం మానేస్తాను.

పాతకాలపు పద్ధతి ఒకటి నాకు చాలా ఇష్టం, ఈ మధ్య ఎవరూ చేయడం లేదు. అబ్సార్ప్షన్. 1902లో ఇటలీ వైద్యుడు ఆల్డో కాస్టెలానీ చూపించింది. సీరం ఏ, బీ అనే రెండు క్రిములతోనూ పాజిటివ్ అనుకోండి. ఒక వంతు సీరంలో ఏ యాంటిజెన్ దండిగా కలిపి, అంటుకున్నవన్నీ అంటుకున్నాక తీసేసి, మిగిలిన దాన్ని రెండింటితో మళ్లీ పరీక్షించాలి. ఇంకో వంతుతో బీ కలిపి అదే పని. ఏ కలిపితే రెండు పాజిటివ్‌లూ మాయమై, బీ కలిపితే బీ ఒక్కటే మాయమైతే అసలు ఇన్ఫెక్షన్ ఏ. ప్రతి యాంటిజెన్ తన పాజిటివ్‌ను మాత్రమే తీసేస్తే రెండూ సోకి ఉండొచ్చు. సంబంధం లేని యాంటిజెన్ కలిపిన మూడో వంతు తప్పకుండా ఉండాలి, లేకపోతే కలపడం వల్ల పలుచనై తగ్గిందో, నిజంగా పీల్చుకుందో చెప్పలేం. రికెట్సియా (టైఫస్ లాంటి జ్వరాలు తెచ్చే బ్యాక్టీరియా) జాతుల మధ్య తేల్చడానికి ఇది ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. బ్రూసెల్లా, యెర్సీనియా ఓ:9 లాంటి జంట దగ్గర మాత్రం, చక్కెర గొలుసు ఒకటే కాబట్టి, చేతులెత్తేస్తుంది.

లెక్క వేయకుండా నమ్మొద్దు

సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవాళ్లలో పాజిటివ్ వచ్చే శాతం) 95, స్పెసిఫిసిటీ 95 శాతం ఉన్న టెస్టును 10,000 మంది మీద చేశారనుకోండి. జబ్బు ఒక శాతం మందిలోనే ఉంటే, ఉన్న 100 మందిలో 95 మంది దొరుకుతారు. లేని 9,900 మందిలో 495 మంది కూడా పాజిటివ్ వస్తారు. 590 పాజిటివ్‌లలో నిజమైనవి 95, అంటే 16 శాతం. అదే టెస్టు 30 శాతం మందికి జబ్బు ఉన్న ఎపిడెమిక్ మధ్యలో చేస్తే పాజిటివ్‌లలో 89 శాతం నిజం. కిట్ మారలేదు, జనం మారారు. సీరో సర్వే చేసే విద్యార్థులు ఈ లెక్క ముందే వేసుకోవాలి. చుట్టం వైరస్ ఎక్కువగా తిరిగే చోట స్పెసిఫిసిటీ కూడా పడిపోతుంది కాబట్టి, కాగితంలోని అంకె బదులు మీ ప్యానెల్ ఇచ్చిన అంకె వాడండి.

ఈ తప్పు ఎంత దూరం వెళ్తుందో డెంగ్వాక్సియా టీకా విషయంలో చూశాం. ఇదివరకు డెంగీ రాని వాళ్లకు ఆ టీకా వేస్తే, తర్వాత డెంగీ సోకినప్పుడు జబ్బు తీవ్రమయ్యే ముప్పు పెరుగుతుందని 2017 చివర్లో కంపెనీయే ప్రకటించింది. దాంతో 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు రక్తపరీక్ష చేసి, డెంగీ వచ్చిపోయినవాళ్లకే వేయడం మంచిదని చెప్పింది. మరి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా వల్ల డెంగీ ఐజీజీ పాజిటివ్ వచ్చిన పిల్లాడి సంగతి? ఇక్కడ క్రాస్ రియాక్షన్, ముప్పు ఉన్న పిల్లాడి చేతికే టీకా వేయిస్తుంది. ఇలాంటి చోట నేను కొన్ని నిజమైన పాజిటివ్‌లు తప్పిపోయినా సరే, స్పెసిఫిసిటీ ఎక్కువున్న టెస్టే కావాలంటాను.

టీ సెల్ టెస్టుల్లో

టీ సెల్స్ అనే రక్షణ కణాల స్పందన చూసే టెస్టుల్లోనూ పద్ధతి అదే, యాంటిజెన్ ఎంపికలోనే అంతా ఉంది. క్షయకు చేసే ట్యూబర్‌క్యులిన్ చర్మ పరీక్షలో వాడే పీపీడీ వందల ప్రొటీన్ల మిశ్రమం. బీసీజీ టీకా వేయించుకున్నా, మట్టిలో నీళ్లలో ఉండే ఇతర మైకోబ్యాక్టీరియా తగిలినా 48 నుంచి 72 గంటల్లో చర్మం గట్టిపడొచ్చు. ఇగ్రా టెస్టులు (టీ సెల్స్ వదిలే ఇంటర్‌ఫెరాన్-గామాను కొలిచే క్షయ రక్తపరీక్షలు) ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రొటీన్లు వాడతాయి. బీసీజీ తయారీ క్రమంలో ఆ జన్యువులున్న ముక్క పోయింది కాబట్టి టీకా వల్ల పాజిటివ్ రాదు. ఇతర మైకోబ్యాక్టీరియాలో చాలా వాటికి కూడా అవి లేవు. కన్సాసీ, మేరినమ్, జుల్గై జాతులకు ఉన్నాయి. చేపల తొట్టెలతో పనిచేసే మనిషికి ఇగ్రా పాజిటివ్ వస్తే మేరినమ్ గుర్తు రావాలి.

పరిశోధనలో ఎలిస్పాట్ (స్పందించే టీ సెల్స్‌ను మచ్చలుగా లెక్కించే టెస్టు) పెట్టేవాళ్లకు ఒక్క మాట. ఆ క్రిమి ఎన్నడూ తగలని దాతల కణాలు లేకుండా ప్రయోగం మొదలుపెట్టకండి. 2020లో కోవిడ్ వైరస్ సార్స్-కోవ్-2 పెప్టైడ్లకు (ప్రొటీన్ ముక్కలకు), ఆ వైరస్ సోకని వాళ్లలో కూడా వేర్వేరు అధ్యయనాల్లో 20 నుంచి 50 శాతం మందిలో టీ సెల్స్ స్పందించాయి. ఆ దాతలు లేకపోయి ఉంటే స్పందించిన ప్రతివాళ్లనూ సోకినవాళ్లుగా రాసుకునేవాళ్లం.

క్రాస్ రియాక్షన్‌ను కావాలని వాడుకున్న టెస్టులూ ఉన్నాయి. టైఫస్ రోగుల సీరం ప్రోటియస్ బ్యాక్టీరియాను గుంపు కట్టిస్తుందని వైల్, ఫెలిక్స్ 1916 నాటికే చూపించారు. ఆ జబ్బుతో ప్రోటియస్‌కు ఏ సంబంధమూ లేదు. సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్, ఆర్‌పీఆర్‌లలో యాంటిజెన్ కార్డియోలిపిన్, అంటే మన కణాల్లోనే ఉండే కొవ్వు. అందుకే లూపస్‌లో, గర్భంలో, కుష్ఠు, మలేరియాల్లో కూడా పాజిటివ్ రావొచ్చు. వీటిని వల వేయడానికి వాడండి, చేపకు పేరు పెట్టడానికి వద్దు. ట్రెపొనీమా (సిఫిలిస్ క్రిమి) టెస్టుతో ఖాయం చేసుకున్నా, ఆ క్రిమి దగ్గరి చుట్టాలు తెచ్చే యాస్, బెజెల్, పింటా జబ్బులను సిఫిలిస్ నుంచి ఏ సీరాలజీ విడదీయలేదని గుర్తుంచుకోవాలి.

రిపోర్టులో ఏం రాయాలి

ఇంత చేసి రిపోర్టులో "డెంగీ ఐజీఎం: పాజిటివ్" అని మూడు ముక్కలు రాస్తే చేసిందంతా వృథా. 2020 మొదట్లో సింగపూర్‌లో ఇద్దరు రోగులకు డెంగీ ర్యాపిడ్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. డెంగీగా చూశారు. తర్వాత అది కోవిడ్ అని, డెంగీ ఫలితం తప్పుడు పాజిటివ్ అని తేలింది. ఆ మధ్య కాలంలో ఐసొలేషన్ గురించి ఎవరికి తడుతుంది?

నేను రాసే వాక్యాలు ఇలా ఉంటాయి. "డెంగీ యాంటిజెన్‌తో ఐజీఎం స్పందన ఉంది. జికా, వెస్ట్ నైల్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఇన్ఫెక్షన్లలో, ఇటీవలి ఫ్లావివైరస్ టీకా తర్వాత కూడా ఇలా రావచ్చు." న్యూట్రలైజేషన్‌లో తేడా నాలుగు రెట్లు లేకపోతే: "ఇటీవలి ఫ్లావివైరస్ ఇన్ఫెక్షన్; ఏ వైరస్ అన్నది ఈ సీరంతో నిర్ధారించలేం." కొందరు డాక్టర్లకు ఇది నచ్చదు, ఒక పేరు చెప్పమంటారు. గర్భిణి విషయంలో జికానా డెంగీనా అన్నది వాళ్లకు ఎంత టెన్షనో నాకు తెలుసు. అయినా సీరంలో లేని సమాధానాన్ని నేను రాయలేను. ఫోన్ చేసి, స్కానింగ్ మీద, మూత్రం పీసీఆర్ మీద నిర్ణయం తీసుకోమని చెబుతాను.

పాజిటివ్ వచ్చిన సీరం మిగులును కనీసం రెండో సీరం వచ్చేదాకా మైనస్ 20లో ఉంచండి. రెండూ ఒకే ప్లేటు మీద పెట్టకపోతే నాలుగు రెట్ల లెక్కకు విలువ లేదు. రెండో సీరం ఏ తేదీ తర్వాత పంపాలో రిపోర్టులోనే, పెద్ద అక్షరాల్లో రాయండి. చిన్న అక్షరాల్లో రాస్తే ఎవరూ పంపరు.